"తన్నుతాను ఉపేక్షించుకొని" – ఇక్కడ ఉపేక్ష అంటే ఏమిటి?

మత్తయి సువార్త 16:24లో "తన్నుతాను ఉపేక్షించుకొని, తన సిలువనెత్తికొని నన్ను వెంబడింపవలెను" అని ఉంది కదా, ఉపేక్షించుకోవడం అంటే ఒంటినీ ఆరోగ్యాన్నీ పట్టించుకోకపోవడమేనా అని ఇక్కడ ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఇవాళ్టి వాడుకలో "జ్వరాన్ని ఉపేక్షించొద్దు" అంటే అశ్రద్ధ చెయ్యొద్దని. ఆ అర్థంతోనే వాక్యాన్ని చదివితే తిండీ నిద్రా మానుకుని నలిగిపోవడమే త్యాగం అనిపిస్తుంది. నాకు మాత్రం వాక్యం ఆ మాట చెబుతున్నట్టు లేదు.

మూలం గ్రీకు. అక్కడున్న క్రియ అపర్నెయొమై. శిష్యుడైన పేతురు తనను ఎరుగనంటాడని యేసు ముందే చెప్పిన చోట, అంటే మత్తయి 26:34లో, మళ్లీ ఇదే క్రియ. అక్కడ తెలుగులో "నీవు నన్ను ఎరుగనని ముమ్మారు చెప్పెదవు" అని వచ్చింది. ఒకచోట ఉపేక్షించుకోవడం, ఇంకోచోట ఎరుగననడం. అందుకే ఈ రెంటికీ ఉన్న చుట్టరికం మన కంట పడదు.

యేసును పట్టుకున్న ఆ రాత్రి పేతురు చేసిందేమిటో చూడండి. యేసును కొట్టలేదు, హింసించలేదు. ఒట్టు పెట్టుకుని మరీ "ఆ మనుష్యుని నేనెరుగను" అన్నాడు. ఆయనకూ నాకూ ఏ సంబంధమూ లేదు అని తెంచేసుకున్నాడు. యేసును వెంబడించాలనుకునే శిష్యుడు ఆ మాట తనతో తాను అనాలి. నా మాటే నెగ్గాలి, మంచి పని ఎవరు చేసినా నా పేరే వినపడాలి అని లోపల పట్టుబట్టే "నేను" ఒకటుంటుంది కదా, దాని పెత్తనం నా మీద చెల్లదని చెప్పడం. దీనికి ఒంటిని మాడ్చుకోనక్కర్లేదు. ఎఫెసీ 5:29లో అపొస్తలుడైన పౌలు, తన శరీరాన్ని ఎవడూ ద్వేషించడు, పోషించి కాపాడుకుంటాడు అంటాడు. క్రీస్తు సంఘాన్ని చూసుకునేదీ అలాగేనట.

సిలువ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. తప్పించుకోలేని ఏ కష్టం వచ్చినా "ఇది నా సిలువ" అనేయడం మనకు అలవాటు. ఆ మాట మొదట విన్నవాళ్లకు సిలువ మోసేవాడంటే శిక్ష పడి, అందరూ చూస్తుండగా చావుకు నడిచేవాడు. లూకా 9:23లో మాత్రం "ప్రతిదినము" అనే మాట చేరింది. మత్తయిలో, మార్కులో అది లేదు. రోజూ ప్రాణం పోదు కాబట్టి, లూకా చెప్పేది రోజూ తీసుకోవాల్సిన నిర్ణయం గురించి అనుకుంటాను. నోటి దాకా వచ్చిన ఎత్తిపొడుపును మింగేసి, అవతలివాణ్ణి పూర్తిగా మాట్లాడనివ్వడం లాంటిది.

ఇంకొకటి. "ఉపేక్షించుకొని", "ఎత్తికొని" – రెండింటిలోనూ, తనకు తాను చేసుకోవడాన్ని చెప్పే "కొను" ఉంది. వాక్యం మొదట్లోనే "వెంబడింపగోరినయెడల" అని ఉంది. కోరుకున్నవాడు తనంతట తాను చేసే పని ఇది. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషితో "ఇది నీ సిలువ, ఓర్చుకో" అనేవాళ్లు ఈ వాక్యాన్ని ఎత్తినప్పుడల్లా నాకు మనసు రగిలిపోతుంది. దారిలో కురేనీయుడైన సీమోను అనే అతని చేత బలవంతంగా యేసు సిలువను మోయించింది సైనికులు, యేసు కాదు. తన గురించి ఆయన చెప్పుకున్నది కూడా "ఎవడును నా ప్రాణము తీసికొనడు; నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అనే (యోహాను 10:18).

ఆ "ప్రాణము పెట్టు" ఎంత బాగా కుదిరిందో! "మనవరాలంటే ప్రాణం పెడుతుంది" అంటాం. పోగొట్టుకోవడం కాదు, ప్రేమించడమే ముందు వినిపిస్తుంది. యోహాను 15:13లో స్నేహితుల కోసం ప్రాణము పెట్టడం అన్నప్పుడు ఈ రెండర్థాలూ కలిసే వస్తాయి. ఆ ప్రేమ లేకుండా ఆస్తంతా పంచిపెట్టినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా ప్రయోజనం లేదని 1 కొరింథీ 13:3లో పౌలు తేల్చి చెప్పాడు.

మరి ఇవాళ్టి తెలుగులో ఏమనాలి అని కింద ఇంకొకరు అడిగారు. "నిరాకరించుకొని" అనొచ్చు, తప్పు లేదు, కాస్త పుస్తకం వాసన. నేనైతే "తనను తాను కాదనుకొని" అంటాను. ఇంట్లో మాట్లాడే మాట. "కొను" పోలేదు, పేతురు అన్న "ఎరుగను" కూడా అందులో వినబడుతుంది. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే రాయండి.