‘అంగాదంగాత్ సంభవసి’: ప్రతి అంగం నుంచీ పుట్టడం అంటే?

ఒక సభ్యుడి ప్రశ్న: బాలసారెలో పురోహితులు తండ్రి చేత “అంగాదంగాత్ సంభవసి హృదయాదధిజాయసే, ఆత్మా వై పుత్రనామాసి స జీవ శరదశ్శతమ్” అని చెప్పించారు. ఇందులో డీఎన్ఏ రహస్యం ఉందని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ముందు అర్థం చెప్పండి. ఆ తర్వాత ఫార్వర్డ్ సంగతి.

నా జవాబు: అంగాత్ + అంగాత్ = అంగాదంగాత్. చివరి ‘త్’ ‘ద్’ అయింది, అదే జశ్త్వ సంధి. ఒకే మాట రెండుసార్లు వస్తే ‘ఒక్కొక్కటిగా, అన్నిటి నుంచీ’ అని అర్థం. మనం ఇంటింటికీ, ఊరూరా అంటాం కదా, అలాగే. ‘నా ఒక్కొక్క అంగం నుంచీ పుడుతున్నావు, గుండెలోంచి వస్తున్నావు. కొడుకు అన్న పేరుతో ఉన్న నేనే నువ్వు. నూరు శరత్తులు బతుకు.’ ఇక్కడ ఆత్మ అంటే వేదాంతులు చర్చించే ఆత్మ అనుకోనక్కర్లేదు. ‘తాను’ అనుకుంటే చాలు.

కౌషీతకి ఉపనిషత్తులో ఇది, ప్రయాణం నుంచి తిరిగొచ్చిన తండ్రి కొడుకు తల మూర్కొని చెప్పే మాట. భారతంలో శకుంతల నిండు సభలో దుష్యంతుడికి ఇదే గుర్తు చేస్తుంది, జాతకర్మలో చదివే మంత్రం నీకు తెలియనిదా అని. అంటే మొదట ఇది దీవెన, ఆవిడ చేతిలో సాక్ష్యం.

ఇక ఫార్వర్డ్. డీఎన్ఏ ఇందులో లేదు. ఉందని చెప్పడం మంత్రానికి గౌరవం కూడా కాదు. అయితే పిల్లలకు పోలికలు ఎలా వస్తాయన్న ప్రశ్నకు ఒక పాత జవాబు మాత్రం ఇందులో ఉంది. తండ్రి శరీరంలోని ప్రతి భాగమూ తన వంతు సారాన్ని విత్తులోకి పంపుతుంది, అందుకే బిడ్డకు ఆ కళ్లు, ఆ ముక్కు అన్నది ఆ జవాబు. ఇది మనవాళ్లకే తట్టిన ఊహ కాదు. గ్రీసులో ప్రాచీన వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న రాతల్లోనూ ఇదే ఉంది. అంతెందుకు, 1868లో డార్విన్ కూడా శరీరంలోని అన్ని భాగాల నుంచీ అతి సూక్ష్మమైన కణికలు బయలుదేరి బీజకణాల్లో చేరతాయని రాశాడు. అది కూడా అచ్చంగా ‘అంగాదంగాత్’ సిద్ధాంతమే. ఆయన బంధువు గాల్టన్ దాన్ని పరీక్షించాలని ఒక రంగు కుందేళ్లకు ఇంకో రంగు కుందేళ్ల రక్తం ఎక్కించి పిల్లలను పుట్టించాడు. కణికలు రక్తంలో ప్రయాణిస్తుంటే పిల్లల రంగు మారాలి. ఏమీ మారలేదు. ఆ తర్వాత జర్మన్ శాస్త్రవేత్త వైస్‌మన్ తరాల తరబడి ఎలుకల తోకలు కోస్తూ పోయాడు. ప్రతి తరంలోనూ తోకలతోనే పుట్టాయి. ఆయన అంత కష్టపడకుండా మనల్ని అడిగినా సరిపోయేది. ఇన్ని వందల ఏళ్లుగా చెవులు కుట్టించుకుంటున్నాం, చెవికి రంధ్రంతో ఒక్క బిడ్డా పుట్టలేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన అభ్యంతరం అరిస్టాటిల్‌ది. బిడ్డ పుట్టేనాటికి తండ్రికి తల నెరిసి ఉండదు. అయినా ఆ బిడ్డ పెద్దయ్యాక తండ్రిలాగే నెరుస్తాడు. తండ్రి ఒంట్లో అప్పటికి లేని నెరుపు ఏ అంగం నుంచి వచ్చినట్టు? మన ఇళ్లలో బాలనెరుపు గురించి మాట్లాడేటప్పుడు ఎవరికీ తట్టని ప్రశ్న. వచ్చింది నెరిసిన వెంట్రుక కాదు. ఫలానా వయసు నుంచి జుట్టుకు రంగు తయారుచేయడం మానెయ్యమని ఒంటికి చెప్పే సూచన వచ్చింది. ఆ సూచన పుట్టిన రోజునే లోపల ఉంది, ముప్పయ్యేళ్లకు బయటపడింది. జుట్టు నెరవడానికీ ఐఆర్‌ఎఫ్4 అనే జన్యువుకూ సంబంధం ఉందని 2016లో లాటిన్ అమెరికా ప్రజల మీద జరిగిన అధ్యయనంలో తేలింది.

కాబట్టి మంత్రంలోని దిశను తిప్పి చదివితే ఇప్పటి శాస్త్రానికి సరిపోతుంది. అంగాల నుంచి విత్తుకు కాదు, విత్తు నుంచి అంగాలకు. మొదటి కణంలో ఉన్న 23 జతల క్రోమోజోములు దాదాపు ప్రతి కణంలోకీ నకలవుతాయి. కాలి గోటి మూలంలోని కణంలోనూ కన్ను తయారుచేసే జన్యువు ఉంటుంది, కాకపోతే అక్కడ అది నోరెత్తదు. ఎక్కడ ఏది పనిచేయాలో నిర్ణయించే జన్యువులు వేరే ఉన్నాయి. వాటిలో హాక్స్ జన్యువులది విచిత్రమైన సంగతి: తల నుంచి కింది దాకా శరీర భాగాలు ఏ వరుసలో ఉంటాయో, క్రోమోజోము మీద ఈ జన్యువులూ దాదాపు అదే వరుసలో ఉంటాయి. మనుషుల్లో ఇవి 39. వీటిలో హాక్స్‌డీ13లో తేడా వస్తే వేళ్లు కలిసిపోయి పుట్టవచ్చు, ఒక వేలు ఎక్కువా రావచ్చు.

ఇంకో సభ్యుడు: అయితే మన ప్రాచీనులకు ఇవేమీ తెలియవంటారా? గురువుగారూ, మీరు మరీ పాశ్చాత్యుల వైపు మాట్లాడుతున్నారు.

జవాబు: వైపుల గొడవ కాదండీ. మీకు కావాల్సిన ఆధారం ఈ మంత్రంలో కాదు, చరకసంహిత శారీరస్థానంలో ఉంది. గుడ్డివాళ్లకు, గూనివాళ్లకు పుట్టిన పిల్లలు అలాగే ఎందుకు పుట్టరు అన్న ప్రశ్న అక్కడ సూటిగా వేశారు. జవాబు: బీజంలో ఏ అవయవానికి సంబంధించిన భాగం దెబ్బతింటే ఆ అవయవంలోనే లోపం వస్తుంది, ఆ భాగం దెబ్బతినకపోతే రాదు. ‘బీజభాగం’ అన్నది వాళ్ల మాటే. తండ్రి కన్ను పోవడం వేరు, బీజంలో కన్నుకు సంబంధించిన భాగం చెడటం వేరు అని గుర్తించడం చిన్న విషయం కాదు. దాన్ని జన్యువు అనేయకండి చాలు. ‘జీన్’ అన్న పేరు 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సెన్ పెట్టాడు. చరకుడి ఆలోచనను మెచ్చుకోవడానికి ఆ పేరు ఆయనకు అతికించనక్కర్లేదు.

అదే సభ్యుడు: సరే. ‘హృదయాత్’ అని విడిగా ఎందుకన్నారు? గుండె కూడా అంగమే కదా.

జవాబు: ప్రేమ కోసం. ‘కడుపున పుట్టిన బిడ్డ’ అని తల్లి అంటుంది, తండ్రికి ఆ మాట లేదు కాబట్టి గుండె అన్నాడు అని నా ఊహ. కానీ ఆ మాట వినగానే నాకు ఇంకొకటి గుర్తొస్తుంది. గుండె కండరానికి సంబంధించిన ఎమ్‌వైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన రూపం భారత ఉపఖండంలో సుమారు నూటికి నలుగురిలో ఉందని 2009లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఇతరులు కలిసి ప్రకటించారు. అది ఉన్నవాళ్లకు గుండె కండరం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఇబ్బంది ఎక్కువగా నడివయసు దాటాకే బయటపడుతుంది. అంత చెడ్డదైతే ఇన్ని తరాల్లో ఎందుకు పోలేదు? అది తన్నుకొచ్చేసరికే పిల్లలు పుట్టి పెద్దవాళ్లయి ఉంటారు. ముసలితనపు జబ్బులు చాలా వాటి వెనక ఉన్న లెక్క ఇదే.

ఇక నూరు శరత్తులు. ‘వాళ్ల వంశంలో అందరూ దీర్ఘాయుష్మంతులు’ అంటాం. డెన్మార్క్‌లో 1870–1900 మధ్య పుట్టిన కవలల జీవితకాలాలు పోల్చి చూసి, 1996లో ఆయుష్షులోని తేడాల్లో పుట్టుకతో వచ్చిన దాని వాటా పావువంతు అటూ ఇటూ అని లెక్కగట్టారు. మిగతాదంతా తిండీ, రోగాలూ, పనీ, అదృష్టమూ. ఇది మనుషుల గుంపులో తేడాలకు సంబంధించిన లెక్క. ఒక మనిషి ఆయుష్షులో పాతికేళ్లు తాత ఇచ్చాడని దీనికి అర్థం కాదు. అందుకే మంత్రంలో ‘సంభవసి’, ‘అధిజాయసే’ అని జరుగుతున్నది చెప్పి, ఆయుష్షు దగ్గరకొచ్చేసరికి ‘జీవ’ అని లోట్‌లోకి, అంటే ‘బతుకు’ అని కోరే క్రియారూపంలోకి, మారడం నాకు చాలా ఇష్టం. పోలిక వచ్చేసింది, ఆయుష్షు మాత్రం కోరుకోవాల్సిందే.

ఒక సభ్యురాలు: మంత్రం మొత్తం తండ్రీకొడుకులదే. తల్లి ఏమైపోయింది? కూతురికి ఏం చదువుతారు? మా ఇంట్లో పాప పుడితే ఈ శ్లోకం ఎత్తేశారు.

జవాబు: అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనది. ఇంటి సంస్కారాల విధులు చెప్పే గృహ్యసూత్రాల్లో ఆడపిల్లకు కొన్ని క్రియలు మంత్రం లేకుండా చేయమన్నారు, పురోహితులు దాన్నే పట్టుకుని ఉంటారు. శరీరశాస్త్రం దగ్గరకు వస్తే లెక్క తిరగబడుతుంది. తల్లీతండ్రీ చెరో 23 క్రోమోజోములు ఇస్తారు. కణంలో శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంతంగా 37 జన్యువులు ఉన్నాయి, అవి తల్లి నుంచే. ఇక తండ్రి కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోము, కూతురికి ఇచ్చేది ఎక్స్. ఎక్స్ మీద ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 800కు పైగా ఉంటే, వై మీద మహా అయితే వంద చిల్లర. ‘ఆత్మా వై’ (నువ్వు నేనే) అని తండ్రి ఎవరితోనైనా ధీమాగా అనగలిగితే అది కూతురితోనే. తండ్రి పోలిక ఆడపిల్లకు అదృష్టం అనే మన పెద్దవాళ్లు దీనికి సంతోషిస్తారు.

ఇంకో మాట. ‘మేనమామలా బట్టతల వచ్చింది’ అంటారే, దానిలోనూ కొంత నిజం ఉంది. బట్టతలకు సంబంధించిన ముఖ్యమైన జన్యువొకటి ఎక్స్ మీద ఉంది, మగపిల్లాడికి ఎక్స్ అమ్మ ఇచ్చేదే. కానీ మిగతా క్రోమోజోముల మీదా బట్టతల జన్యువులు చాలానే ఉన్నాయి కాబట్టి తండ్రిని పూర్తిగా వదిలెయ్యలేం.

మొదటి సభ్యుడు: కూతురికి ‘ఆత్మా వై పుత్రీనామాసి’ అనొచ్చా? ఛందస్సు చెడదూ? ఈ శ్లోకపు ఛందస్సు అనుష్టుప్పు, అందులో పాదంలో ఐదో అక్షరం లఘువు కావాలి, ‘త్రీ’ గురువు.

జవాబు: వ్యాకరణం గట్టిగా పట్టేవాళ్లు ‘పుత్రీనామ్న్యసి’ అనమంటారేమో, ‘స’ బదులు ‘సా’ కూడా కావాలి. ఛందస్సుకు మాత్రం భయపడకండి. మొదటి పాదం లెక్కపెట్టి చూడండి: అం, గా, దం, గా, త్సం. ఐదోది అక్కడా గురువే.