మూడు వేలలో ఐదుగురం హైదరాబాద్ చూసి రాగలమా?

కల్లూరు టైలర్:
అందరికీ నమస్కారం. నాది కర్నూలు కల్లూరులో చిన్న కుట్టు షాపు. పిల్లలకు హైదరాబాద్ చూపిస్తానని పోయిన ఏడాది మాటిచ్చి తప్పాను. ఈసారీ తప్పితే ఇంట్లో నాకు అన్నం పుట్టేలా లేదు. నేను, మా ఆవిడ, మా అత్త, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు. చేతిలో ఉన్నవి మూడు వేలు. షాపుకు సెలవు శుక్రవారం, కాబట్టి ఆ రోజు పొద్దున పోయి రాత్రికి వచ్చేయాలి. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, జూ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, వీలైతే రామోజీ ఫిల్మ్ సిటీ అనుకున్నాం. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, ఇద్దరి చార్జీలు మిగులుతాయని లెక్క వేశాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

బుధవారపేట అక్క:
అన్నా, ముందు ఆ శుక్రవారం మార్చుకో. సాలార్‌జంగ్‌కు సెలవు శుక్రవారమే. చౌమహల్లా ప్యాలెస్‌కూ అంతే. మేమూ తెలియక శుక్రవారమే పోయాం. తెల్లారకముందే లేచి, టిఫిన్ డబ్బాలు మోసుకుని, తీరా చూస్తే మ్యూజియం గేటుకు తాళం. అక్కడి నుంచి చార్మినార్‌కు ఒక ఆటో ఎక్కితే పట్టుమని రెండు కిలోమీటర్లు లేదు, మూడు వందలు గుంజాడు. పిల్లలు మధ్యలో కూర్చుని ఏడుపు. ఆ రోజు మా ఆయన మొహం చూడాల్సింది.

ఇంకోటి, రామోజీ ఫిల్మ్ సిటీ మాట ఈసారికి మర్చిపో. మనిషికి టికెట్టే వెయ్యి దాటుతుంది, ఊరి బయట, రోజంతా దానికే పోతుంది.

సి క్యాంప్ మాస్టారు:
ఫ్రీ బస్సు గురించి ఒక మాట, చాలామంది పొరబడుతున్నారు. మన దగ్గర 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఆంధ్రప్రదేశ్ లోపలికే, రాష్ట్రం దాటే సర్వీసుల్లో చెల్లదు. తెలంగాణ వాళ్ల మహాలక్ష్మి 2023 డిసెంబర్ నుంచి ఉంది కానీ అక్కడి అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీ ఆధార్‌లో కర్నూలు ఉంది కదా! తుంగభద్ర బ్రిడ్జి దాటాక అందరం టికెట్ కొనాల్సినవాళ్లమే. పోయినసారి బస్సులో ఒక పెద్దావిడ కండక్టర్‌తో ఈ విషయం మీదే షాద్‌నగర్ దాకా వాదించింది, చివరికి టికెట్ తీసుకుంది.

కాబట్టి రైలు పట్టండి. పొద్దున హంద్రీ ఎక్స్‌ప్రెస్ కర్నూలు సిటీలోనే బయలుదేరుతుంది, కాచిగూడలో దిగండి. జనరల్ టికెట్ వంద అటూ ఇటూ, బస్సుకు అంతకు మూడింతలు. పన్నెండు నిండని పిల్లలకు జనరల్‌లో సగం టికెట్టే, అంటే మీ పిల్లలిద్దరికీ కలిపి ఒకటి. సీటు కావాలంటే అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండండి. రాత్రికి కాచిగూడ నుంచి చిత్తూరు పోయే వెంకటాద్రి కర్నూలు మీదుగానే వస్తుంది. టైములు మారుతుంటాయి, బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి.

కల్లూరు టైలర్:
అక్కా, మాస్టారూ, ధన్యవాదాలు. ఫ్రీ బస్సు దగ్గరే నా లెక్క మొత్తం తప్పింది. శనివారం పక్క షాపాయనకు తాళం ఇచ్చి పోతాను. మరి గోల్కొండ, జూ? పాప గోల్కొండ అంటోంది, బళ్లో రామదాసు చెరసాల పాఠం చెప్పారంట.

మెహదీపట్నంలో కర్నూలోడు:
అన్నా, నేను ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను. ఒక్క రోజులో అవన్నీ అంటే బస్సు కిటికీలోంచే చూడాలి. మూసీ పక్కన ఉన్నవి చూడు చాలు. కాచిగూడ నుంచి ఐదుగురికి ఒక ఆటో, ఎక్కేముందే రేటు తేల్చుకుని సాలార్‌జంగ్ దగ్గర దిగు. అక్కడ సంచులు లోపలికి పంపరు, కౌంటర్‌లో పెట్టేయాలి.

లోపల అన్నీ చూడాలని తిరగొద్దు, పిల్లల కాళ్లు పడిపోతాయి. మేలిముసుగు రెబెకా బొమ్మ చూపించు. పాలరాతితో 1876లో ఇటలీ శిల్పి బెంజోనీ చేసింది. మొహం మీద పల్చటి ముసుగు, అదీ రాయే. దర్జీ పని చేసేవాడివి, ఆ గుడ్డ మడతలు చూస్తే నీకే ఎక్కువ నచ్చుతుంది. ఒకే చెక్కలో ముందు వైపు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనక మార్గరెట్ అనే అమ్మాయి ఉన్న బొమ్మ కూడా. దాని వెనక అద్దం ఉంటుంది, పాపను అందులో చూడమను.

అక్కడి నుంచి చార్మినార్‌కు ఆటో ఎందుకు? మదీనా సర్కిల్, పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. దారే సగం చూడాల్సినది. కుతుబ్‌షాహీలు 1591లో కట్టిన చార్మినార్ పైకి టికెట్ పాతిక రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు ఫ్రీ. మెట్లు ఇరుకు, చుట్టు తిరుగుడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే ఎక్కించకు, కింద మీ ఆవిడతో కూర్చోనీ. పక్కనే మక్కా మసీదు, డబ్బులేమీ అడగరు, మర్యాదగా బట్టలుంటే చాలు. పావురాలకు గింజలు చల్లితే బాబు అక్కడి నుంచి కదలడు.

గోల్కొండ కావాలంటే ఇంకోసారి మా ఇంట్లో దిగు, మెహదీపట్నం నుంచి బస్సులు ఉన్నాయి. కోట పైకి 360 మెట్ల దాకా, సగం పూట దానికే పోతుంది. జూ కూడా అప్పుడే, సోమవారం తప్ప.

బుధవారపేట అక్క:
వదినకు లాడ్ బజార్‌లో గాజులు కొనిపిస్తావు కదా? మొదట చెప్పిన ధరకు సగం అడిగి, నాలుగు అడుగులు నడువు. వెనక్కి పిలిస్తే సరే, లేకుంటే పక్క దుకాణం. తిండికి ఉగ్గాని కట్టుకోవద్దు, మధ్యాహ్నానికి ఎండి గడ్డ కడుతుంది. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకో. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు మాత్రం అక్కడే.

కల్లూరు టైలర్:
లెక్క కుదిరింది. రైలుకు రానుపోను నాలుగు టికెట్లు, ఎనిమిది వందల చుట్టుపక్కల. ఆటోలు, ప్రవేశ టికెట్లు, చాయ్ అన్నీ కలిపి ఇంకో వెయ్యి అనుకున్నా, గాజులకు ఏడెనిమిది వందలు పక్కన పెట్టొచ్చు. మా అత్త అప్పుడే ఎర్రవి కావాలంటోంది. మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం అంటారే, అది ఎప్పుడు?

మెహదీపట్నంలో కర్నూలోడు:
ప్రతి గంటకూ. లోపలి నుంచి చిన్న మనిషి బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండుకు ఎక్కువ దెబ్బలు కాబట్టి జనం ఎగబడతారు. రైలు లేటు కాకపోతే మీకు అందుతుంది. పావుగంట ముందే ఆ హాలుకు పోయి అత్తగారికి కుర్చీ పట్టుకో, బాబును ముందు వరసలో కింద కూర్చోబెట్టు.