గొంగడితో పిల్లవాడికి వాస్కోటు: అస్తరు ముడుచుకోకుండా కుట్టడం ఎలా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి)

అందరికీ నమస్కారం. మా మామగారు వాడిన నల్ల గొంగడి ఒకటి ఇంట్లో ఉంది. ఒక మూల పురుగు కొరికింది కానీ మిగిలిన భాగం గట్టిగానే ఉంది. అయిదేళ్ల మా బాబు చలికాలంలో పొద్దున్నే ఆటోలో బడికి వెళ్తాడు కాబట్టి, దానితో వాడికి అస్తరు వేసిన వాస్కోటు కుట్టాలనుకుంటున్నాను. వాడి ఛాతీ కొలత 22 అంగుళాలు. పోయినేడు దుకాణంలో కొన్న ఉన్ని గుడ్డతో ఒకటి కుట్టాను. మొదటి ఉతుకుకే లోపలి కాటన్ గుడ్డ కుంచించుకుపోయి, ముందు భాగం కింది మూలలు లోపలికి ముడుచుకుపోయాయి. చంకల దగ్గర కూడా పట్టేస్తున్నదని వాడు రెండు రోజులకే విప్పేశాడు. తాత గుర్తుగా మిగిలిన గొంగడిని అలా పాడుచేయడం నాకు ఇష్టం లేదు. అందుకే కత్తెర పట్టక ముందే అడుగుతున్నాను: అస్తరుకు ఏ గుడ్డ తీసుకోవాలి, ఎంత వదులు ఉంచాలి, ఏ కుట్టు తరువాత ఏ కుట్టు వేయాలి?

జవాబు (నల్లగొండ నుంచి, 30 ఏళ్లుగా దర్జీ పని)

అమ్మా, పోయినసారి మీ కుట్టులో తప్పు లేదు, గుడ్డను ముందుగా తడపకపోవడంలోనే ఉంది. కొత్త కాటన్ గుడ్డను కత్తిరించే ముందే వేడినీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోవాలి. గొంగడిని మాత్రం వేడినీళ్లలో ఎప్పుడూ వేయకండి. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. వేడి, రాపిడి కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, గుడ్డ దళసరెక్కి చిన్నదైపోతుంది, తిరిగి సాగదు. చల్లని నీళ్లలో నానబెట్టి, పిండకుండా రెండు తువ్వాళ్ల మధ్య ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టండి. మన దగ్గర గొంగడి నేసేటప్పుడు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఎక్కువగా ఉతకని గొంగడి అయితే ఆ గంజి ఇంకా మిగిలి ఉండవచ్చు, నానబెడితే అది కొంత వదిలి గుడ్డ మెత్తబడుతుంది.

కొలతల విషయానికి వస్తే, అంగీ మీద వేసుకునే మామూలు వాస్కోటుకు ఛాతీ మీద 3 అంగుళాల వదులు చాలు. గొంగడి మందంగా ఉండి ఆ వదులులో కొంత తానే తినేస్తుంది కాబట్టి మీరు 5 అంగుళాలు ఇచ్చి, తయారైన కోటు చుట్టుకొలత 27 అంగుళాలు ఉండేలా చూసుకోండి. చంక గుండ్రాన్ని అంగీకి తీసినదానికంటే ఒక అంగుళం కిందికి దించండి. మందపాటి గుడ్డను మడిచి రెండు పొరలు కలిపి కత్తిరిస్తే కింది పొర జరిగి కొలత తప్పుతుంది, అందువల్ల ఒక్కో ముక్కను విడిగా, ఒకే పొరలో కత్తిరించండి. గొంగడి నేత వదులుగా ఉంటుంది, అంచు పోగులు వెంటనే ఊడిపోతాయి. కత్తిరించిన ప్రతి ముక్క చుట్టూ, పక్కన పెట్టకముందే, ఒక జిగ్‌జాగ్ కుట్టు వేయండి. మిషనుకు 16 నంబరు సూది పెట్టి, కుట్టు పొడవు పెంచుకోండి.

ఇక అస్తరు. వీపు మధ్యలో పై నుంచి కిందికి అర అంగుళం మడత పెట్టండి. పిల్లవాడు చేతులు ముందుకు చాపినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది, గుడ్డ పట్టేయదు. ముందు అంచుల దగ్గరా మెడ దగ్గరా మాత్రం అస్తరును పై గుడ్డకంటే అంగుళంలో 8వ వంతు తగ్గించి కత్తిరిస్తే, అది బయటికి తొంగిచూడదు.

భుజాలు ముందుగా కలిపి, అంచులు కుట్టి, ముందు భాగాలను భుజాల సందులోంచి వెనక్కి లాగి తిరగేయడం మా పద్ధతి. పక్క కుట్లు చివర్లో వేస్తాము.

జవాబు (వనపర్తి నుంచి)

దర్జీ అన్న గారు చెప్పినవన్నీ సరైనవే. అయితే భుజాల విషయంలో నా అనుభవం వేరు. మా మనుమడికి గొంగడితోనే కుట్టినప్పుడు, రెండున్నర అంగుళాల భుజం సందులోంచి ఆ మందపాటి ముందు భాగాన్ని లాగలేక సగం కుట్లు విప్పవలసి వచ్చింది. పలచని గుడ్డకు, పెద్దవాళ్ల కోటుకు ఆ పద్ధతి బాగుంటుంది.

రెండోసారి నేను చేసినది ఇది. గొంగడి పక్క కుట్లు, అస్తరు పక్క కుట్లు వేరువేరుగా వేసి, మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, ముందు అంచులు, మెడ, చంకలు, కింది అంచు కుట్టాను. వీపు కింద 5 అంగుళాల సందు వదిలాను. మెడ, చంక కుట్లను భుజం కొనకు ఒకటిన్నర అంగుళం ముందే ఆపాను. వంపుల దగ్గర చిన్న గాట్లు పెట్టి, కుట్టు లోపలి అంచుల్లో గొంగడి పొరను సగానికి కత్తిరించి మందం తగ్గించాను. ఆ సందులోంచి తిరగేశాక భుజాల దగ్గర గొంగడిని మాత్రం మిషను మీద కలిపి, అస్తరును లోపలికి మడిచి చేతి కుట్టుతో మూసేశాను. ఒక సాయంత్రం అదనంగా పట్టింది కానీ అంచు ఎక్కడా ఉబ్బలేదు.

గుండీలకు కాజాలు తీయకండి, గొంగడిలో అవి రెండు నెలలకే పెద్దవైపోతాయి. అస్తరు గుడ్డతోనే సన్నని గొట్టాలు కుట్టి, ఉచ్చులుగా ముందు అంచు కుట్టులో కలిపేయండి. తడి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టెను ఒత్తి లేపండి, జరపకండి.

జవాబు (నారాయణపేట నుంచి)

అక్కా, గరుకు ఉన్ని మెడకూ చంకకూ తగిలితే పిల్లలు భరించలేరు, అందువల్ల అస్తరు మెత్తగా ఉండడం అన్నిటికంటే ముఖ్యం. మీ ఇంట్లో పాత నారాయణపేట కాటన్ చీర ఉంటే దానిని వాడండి. ఎన్నోసార్లు ఉతికినది కనుక అది ఇక కుంచించుకుపోదు. చీర ఒడలు మాత్రమే తీసుకుని అంచును వదిలేయండి, అంచు నేత బిగువు వేరు కాబట్టి రెండూ ఒకేలా సాగవు. ముందుగా గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి, మడతల దగ్గర పోగులు చివికిపోయాయేమో చూడండి.

ప్రశ్న అడిగిన వారి మాట

అందరికీ కృతజ్ఞతలు. గొంగడిని నిన్న చల్లని నీళ్లలో నానబెట్టాను, నీళ్లు చిక్కగా గోధుమరంగులోకి మారాయి, గుడ్డ నిజంగానే మెత్తబడింది. మా అత్తమ్మ తన పాత గళ్ల చీర తెచ్చి ఇచ్చారు. భుజాలు చివర్లోనే కుడతాను. ముందుగా పాత దుప్పటి ముక్కతో ఒక నమూనా కుట్టి, బాబుకు తొడిగి, చేతులు పైకెత్తించి చంక చూశాకే గొంగడి మీద కత్తెర పెడతాను.