లైబ్రరీలో ఏ పుస్తకం కొనాలో, ఏది తీసేయాలో ఎవరు తేలుస్తారు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను చాలాకాలంగా పబ్లిక్ లైబ్రరీ మెంబర్‌ని. ఈమధ్య కొన్ని విషయాలు మింగుడు పడటం లేదు. నాన్నగారి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్ది తీసుకెళ్తే కొన్ని ఏరుకుని మిగతావి వద్దన్నారు. ఆ పక్కనే ర్యాకుల్లోంచి పుస్తకాలు తీసి కట్టలు కడుతున్నారు. నేను కొనమని అడిగిన పుస్తకం గురించి మాత్రం ఎప్పుడడిగినా “చూద్దాం” అంటున్నారు. ఊరికే ఇస్తామన్నవి వద్దంటూ, ఉన్నవి తీసేస్తూ, అడిగినవి కొనకుండా ఉంటే ఎలా? దీని వెనక ఏదైనా పద్ధతి ఉంటుందా, లేక ఆ సీట్లో కూర్చున్నవాళ్ల ఇష్టమేనా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (పుస్తకాల కొనుగోలు విభాగంలో పనిచేసే లైబ్రేరియన్):

పద్ధతి ఉంటుందండి. సక్రమంగా నడిచే లైబ్రరీలో అది రాతపూర్వకంగానే ఉంటుంది. కలెక్షన్ పాలసీ అంటాం. ఎవరి కోసం కొంటున్నాం, ఏ భాషల్లో, ఏ విషయం ఎంత లోతుగా, ఏవి కొనం, విరాళాలు ఏ షరతుల మీద తీసుకుంటాం, ఏవి ఎప్పుడు తీసేస్తాం, ఎవరైనా అభ్యంతరం చెబితే ఏం చేస్తాం, అన్నీ అందులోనే ఉండాలి. ముందు మీ లైబ్రరీలో ఆ కాగితం అడిగి చదవండి. అలాంటిది లేదని చెబితే కమిటీకి మొదటి అర్జీ దాని గురించే పెట్టండి. పాలసీ లేని చోట మంచి లైబ్రేరియన్ కూడా ఒత్తిళ్లకు తట్టుకోలేరు.

కొనుగోలు సంగతి చెప్తాను. సమీక్షలు, ప్రచురణకర్తల కేటలాగులు, పాఠకులు రాసిచ్చిన చీటీలు, ఇప్పటికే ఉన్న పుస్తకాలు ఎన్నిసార్లు ఇష్యూ అయ్యాయన్న లెక్క, ఇవన్నీ ముందు పెట్టుకుని ఎంపిక చేస్తాం. ఒక పుస్తకానికి రిజర్వేషన్లు పెరుగుతుంటే ఒక్కో కాపీకి ఎంతమంది ఎదురుచూస్తే ఇంకో కాపీ కొనాలో చాలా లైబ్రరీలు ముందే నిష్పత్తి పెట్టుకుంటాయి. ఆ లెక్కను గుడ్డిగా పాటిస్తే మాత్రం ఇబ్బందే. ఇవాళ అందరి నోటా నానే నవల కాపీలు అరడజను కొంటే, ఆ ఊపు తగ్గాక అవన్నీ ర్యాకులో వరసగా కదలకుండా కూర్చుంటాయి. వాటి డబ్బుతో రావాల్సిన వ్యవసాయం పుస్తకమో, బధిరుల సంజ్ఞా భాష పుస్తకమో రాకుండా పోతుంది. ఇలాంటివి అడగడానికి క్యూ కట్టేవాళ్లు ఉండరు, కానీ అవసరమైన ఒక్కరికి అదే ప్రాణం.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో ‘ప్రతి పాఠకునికీ అతని పుస్తకం’, ‘ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు’ అని రెండున్నాయి. మొదటిది ఆ ఒక్కరినీ వదలొద్దంటుంది. రెండోది ఎవరూ తాకని పుస్తకం గురించి నిలదీస్తుంది. ప్రతి ఆర్డర్ మీదా ఈ రెండింటి మధ్య నలుగుతూనే సంతకం పెడతాం.

ఇక విరాళం. నాన్నగారి పుస్తకాలంటే మీకెంత విలువో అర్థం చేసుకోగలను. కానీ ఊరికే వచ్చిన పుస్తకానికీ ఖర్చుంటుంది. అక్సెషన్ రిజిస్టర్‌లో (లైబ్రరీకి చేరిన ప్రతి పుస్తకాన్నీ రాసుకునే పుస్తకం) ఎక్కించి నంబరు వేయాలి, ఏ వర్గానికి చెందుతుందో తేల్చాలి, వెన్ను మీద లేబుల్ అంటించాలి, ర్యాకులో చోటు చూడాలి, స్టాక్ వెరిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ లెక్క చూపాలి. చెమ్మ తగిలి బూజు పట్టిన పుస్తకాన్నో, పురుగు పట్టినదాన్నో లోపలికి తెస్తే పక్కవాటికీ అంటుకుంటుంది. అందుకని కొన్నదానికి పెట్టే పరీక్షే విరాళానికీ పెడతాం.

ఈసారి పెట్టెలు మోసుకెళ్లకండి. ముందు ఒక జాబితా పంపండి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, ఎలా ఉంది అన్న ఒక ముక్క, చాలు. స్థానిక చరిత్ర, పాత పత్రికల బైండ్లు, చేతిరాత ప్రతులు ఉంటే వాటిని విడిగా రాయండి. పబ్లిక్ లైబ్రరీకి పనికిరానివి ఏ పరిశోధన గ్రంథాలయానికో అపురూపం కావచ్చు.

మళ్లీ ప్రశ్న:

చాలా థ్యాంక్సండి, విరాళం సంగతి తేలింది. కానీ బాగున్న పుస్తకాలు తీసేయడం మాత్రం ఇంకా మనసుకు పట్టడం లేదు. పుస్తకం పాతబడితే మాత్రం పనికిరాకుండా పోతుందా?

జవాబు (అదే లైబ్రేరియన్):

వయసు ఒక్కటే చూసి తీయమండి. ఒక ఉదాహరణ చెప్తాను. పిల్లల విభాగంలో సౌరకుటుంబం పుస్తకం ఉందనుకోండి. అట్ట గట్టిగా ఉంది, బొమ్మలు రంగురంగులుగా ఉన్నాయి, కానీ లోపల గ్రహాలు తొమ్మిది. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006 ఆగస్టులో ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా మార్చింది. ఆ పుస్తకం చూసి హోంవర్క్ రాసుకెళ్లిన పిల్లకు మార్కు పోతుంది. అది లైబ్రరీ పుస్తకం కాబట్టే పిల్ల నమ్మింది. మందులు, చట్టాలు, పన్నుల పుస్తకాల్లో ఇంతకంటే పెద్ద నష్టమే జరుగుతుంది.

అమెరికాలోని టెక్సస్‌లో రూపుదిద్దుకున్న, ఏ పుస్తకాలు తీసేయాలో చూసే ‘క్రూ’ అనే పద్ధతిని చాలాచోట్ల ఆధారంగా తీసుకుంటారు. అందులో కంప్యూటర్ పుస్తకాలకు 3 ఏళ్లు, వైద్యానికి 5 ఏళ్లు దాటితే పరిశీలించమంటారు. సాహిత్యానికి అలా ఏళ్ల గడువు పెట్టరు. గడువు దాటడమంటే తీసేయమని కాదు, చేతిలోకి తీసుకుని చూడమని. తప్పుదోవ పట్టిస్తోందా, బాగుచేయలేనంత చిరిగిందా, కొత్త ఎడిషన్ వచ్చిందా, ఇక్కడి పాఠకులకు అక్కరకు రాదా, ఇంకో లైబ్రరీ నుంచి తేలిగ్గా తెప్పించుకోవచ్చా అని చూస్తాం.

ఇందులో నేను అస్సలు రాజీపడనిది చివరి కాపీ. ఆ ప్రాంతపు చరిత్ర, అక్కడి రచయితల పుస్తకాలు, మరెక్కడా దొరకనివి ఇరవై ఏళ్లుగా ఎవరూ తీసుకోకపోయినా కదపకూడదు. బైండింగ్ చేయించాలి, కుదిరితే స్కాన్ చేయించాలి. మీరు చూసిన కట్టల్లో అలాంటివి ఉన్నాయని అనుమానముంటే వెంటనే అడగండి. రిజిస్టర్‌లోంచి తొలగించే ముందు జాబితా తయారవుతుంది, దాని మీద ఆమోదం ఉండాలి. అది ప్రజల ఆస్తి, చూపించమని అడగడంలో తప్పేమీ లేదు. తీసినవి నియమాలను బట్టి వేరే లైబ్రరీలకు వెళ్తాయి, లేదా అమ్మకానికి పెడతారు. మరీ పాడైనవి కాగితం రీసైక్లింగ్‌కు పోతాయి.

ఇంకొకరి జవాబు (రిఫరెన్స్ విభాగంలో పనిచేసే సభ్యురాలు):

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను, పాఠకులకు ఇది తెలియాలి. పుస్తకం చివరి పేజీలో తేదీల చీటీ ఉంటుంది కదా, దాని మీద ముద్రలు ఆగిపోతే పుస్తకాన్ని ఎవరూ చదవట్లేదని లెక్క. కంప్యూటర్ రికార్డు చెప్పేదీ అదే. కానీ అక్కడే కూర్చుని చదివి వెళ్లేవాళ్లున్నారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ఇంట్లో చోటు లేనివాళ్లు ఇంటికి తీసుకెళ్లరు. వాళ్ల చదువు ఏ చీటీ మీదా పడదు.

అందుకే “చదివాక టేబుల్ మీదే వదిలేయండి” అని బోర్డు పెడతాం. సాయంత్రం వాటిని ర్యాకుల్లో సర్దేముందు ఒక్కొక్కదాన్నీ స్కాన్ చేసి, లోపల చదివిన పుస్తకంగా నమోదు చేస్తాం. మీరు మర్యాదకొద్దీ మీరే తీసుకెళ్లి ర్యాకులో పెట్టేస్తే ఆ పుస్తకానికి ఆ రోజు చదువరి లేనట్టే. పైగా తప్పు వరసలో పెడితే అది ఉండీ లేనట్టే అవుతుంది. మీకు నచ్చిన పాత పుస్తకం ర్యాకులో నిలవాలంటే ఇంటికి తీసుకెళ్లండి, లేదా చదివి టేబుల్ మీద వదలండి.

మరో సభ్యుని ప్రశ్న:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పిల్లల విభాగంలో ఒక పుస్తకం వాళ్ల వయసుకు తగదని నాకనిపించింది. తీయించాలంటే ఎవరికి చెప్పాలి?

జవాబు (రిఫరెన్స్ విభాగం సభ్యురాలు):

కౌంటర్‌లో గొడవ పడకుండా పునఃపరిశీలన ఫారం అడగండి. పుస్తకం మొత్తం చదివారా, ఏ పేజీలు, ఏమిటి అభ్యంతరం, మీరు కోరేదేమిటి అని అందులో ఉంటుంది. కమిటీ పుస్తకాన్ని పూర్తిగా చదివి రాతపూర్వకంగా జవాబిస్తుంది. అది తేలేదాకా పుస్తకం ర్యాకులోనే ఉండటం మంచి పద్ధతి. ‘తీసేయండి’ అనే ముందు ‘పెద్దపిల్లల ర్యాకులోకి మార్చండి’ అని అడగవచ్చేమో ఆలోచించండి. చాలాసార్లు నిజమైన ఇబ్బంది పుస్తకం ఉన్న చోటుతోనే ఉంటుంది. సేకరణ మీద భావజాల, రాజకీయ, మత సెన్సార్‌షిప్ కానీ వ్యాపార ఒత్తిడి కానీ ఉండకూడదని ఇఫ్లా (అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య), యునెస్కోల 1994 పబ్లిక్ లైబ్రరీ మేనిఫెస్టోలో స్పష్టంగా ఉంది. మీ బిడ్డ ఏం చదవాలో చెప్పే హక్కు మీకుంది. పక్కింటి బిడ్డ సంగతి వాళ్ల అమ్మానాన్నలది.

మొదట అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. చివరగా ఒక్కటి. నేను అడిగిన పుస్తకం కొనాలంటే చీటీలో ఏం రాయాలి? అది ఈ-బుక్‌గా దొరుకుతోంది, అలాగైనా తెప్పించవచ్చు కదా?

జవాబు (మొదటి లైబ్రేరియన్):

ఈ-బుక్ చవక అనుకుంటాం కానీ లైబ్రరీకి అలా ఉండదు. అచ్చు పుస్తకం కొంటే అది మనది. ఈ-బుక్‌కు చాలావరకు లైసెన్స్ మాత్రమే వస్తుంది, గడువు అయితే మళ్లీ డబ్బు కట్టాలి. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ ఒక్కో ఈ-బుక్ కాపీకి 26 ఇష్యూల పరిమితి పెట్టినప్పుడు లైబ్రేరియన్లు గట్టిగా వ్యతిరేకించారు. అచ్చు ప్రతి దొరుకుతుంటే ముందు అదే అడగండి.

చీటీలో పేరు, రచయిత, ప్రచురణకర్త, ఐఎస్‌బిఎన్ (ఒక్కో ఎడిషన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాయండి. ఐఎస్‌బిఎన్ ఉంటే వేరే ఎడిషన్ రాదు, ఆర్డర్ కూడా తొందరగా కదులుతుంది. కింద రెండు వాక్యాల్లో ఈ విషయం మీద లైబ్రరీలో ఇప్పుడు ఏముంది, ఏ లోటుంది అని రాయండి. దానికోసం ముందు కేటలాగ్ వెతకండి, కమిటీ ముందు మీ బలమంతా అక్కడే ఉంటుంది. ఇదే పుస్తకం కావాల్సినవాళ్లు ఇంకా ఉంటే ఒకే కాగితం మీద సంతకాలు పెట్టకుండా ఎవరి చీటీ వాళ్లే ఇవ్వాలి. ఒక కాగితాన్ని ఒక్క అభ్యర్థనగానే లెక్కేసే అవకాశం ఎక్కువ. తేదీ వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోండి. తర్వాతి కొనుగోలు ఎప్పుడో అప్పుడే అడగండి, చాలాచోట్ల ఏడాదికి కొన్నిసార్లే కొంటారు. అంతవరకు ఆగలేకపోతే వేరే లైబ్రరీ నుంచి అరువు తెప్పించే సౌకర్యం ఉందేమో కనుక్కోండి.