లాంగ్ రైడ్‌కి బండి సీటు ఎలా మార్పించాలి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. పని మీద ఇచ్ఛాపురం దాకా, అప్పుడప్పుడు విశాఖ దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద 150 సీసీ బండిపైనే తిరుగుతాను. గంట దాటితే చాలు, కూర్చునే చోట ఎముకలు నొప్పెట్టి తొడలు తిమ్మిరెక్కుతున్నాయి. టెక్కలి చేరేసరికే ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడాల్సి వస్తోంది.

సీటు మధ్యలో బొటనవేలితో నొక్కితే అడుగున ప్లాస్టిక్ తగులుతోంది. పైగా సీటు ముందుకి వాలుగా ఉంది, బ్రేకు వేసిన ప్రతిసారీ ట్యాంకు మీదకి జారిపోతున్నాను. వెనక్కి జరిగితే కుట్టు సరిగ్గా తొడ కింద ఒత్తుకుంటుంది.

సీటు కవర్ల షాపులో అడిగితే, పైన ఇంకో పొర మెత్తటి స్పాంజి వేసి రెక్జిన్ కుట్టేస్తామన్నారు. మెత్తటిది నాలుగు రోజులకే అణిగిపోతుంది కదా! గట్టి ఫోమ్ వేయించి, వెనక భాగం కాస్త వెడల్పు చేసి, ఆ వాలు తీయించడమే నయమని నా ఉద్దేశం. కాకపోతే నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, సీటు లేస్తే కాళ్లు నేలకి అందవేమోనని టెన్షన్. జెల్ ప్యాడ్ ఎండలో బాగా వేడెక్కుతుంది, మే నెలలో మన దగ్గర దాని మీద కూర్చోగలమా? గాలి నింపే కుషన్ వాడినవాళ్లుంటే, మలుపుల్లో అది కదులుతుందో లేదో చెప్పండి.

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఫోమ్ చెక్కి ఆకారం మార్చే మంచి పనివాళ్లు ఎక్కడున్నారు? ఎంత తీసుకుంటారు? త్వరలో అమ్మని ఎక్కించుకుని శ్రీముఖలింగం వెళ్లాలి, వెనక సీటుకి కూడా ఏం చేయిస్తే ఆవిడకి నడుంనొప్పి రాకుండా ఉంటుందో దయచేసి చెప్పండి.