16 వేల గిటారుకు 9 వేల పికప్‌లు వేయించడం సబబేనా?

మూలపేట గిటారు (నెల్లూరు):
నా దగ్గర మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చేవి, ఒక్కోదానిలో ఒకే కాయిల్) స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటారు ఉంది. రెండేళ్ల క్రితం చెన్నై వెళ్లినప్పుడు 16 వేలకు కొన్నాను, ప్రతి ఆదివారం మా చర్చిలో ఆరాధనకు అదే వాయిస్తాను. దానితో మూడు ఇబ్బందులున్నాయి: రెండు పాటలు అయ్యేసరికి మూడో తీగ శ్రుతి తప్పుతుంది, ఆగకుండా జుమ్మనే శబ్దం వస్తుంది, పైగా నేను లోపల తలుపు వేసుకొని వాయిస్తుంటే జనం వరండాలో నిలబడి వింటున్నట్టు స్వరం మందంగా ఉంటుంది. ఆల్నికో (ఒక రకం అయస్కాంత లోహం) పికప్‌ల సెట్టు 9 వేలు, లాకింగ్ ట్యూనర్లు (తీగను బిగించి పట్టే శ్రుతి మరలు) 4 వేలు, బ్రిడ్జి (తీగల అడుగు కొన ఆనే లోహపు పట్టీ) 3 వేలు, వెరసి గిటారు ఖరీదు మరోసారి పెట్టాలి. పావలా కోడికి ముప్పావలా మసాలా అని ఇంట్లో అంటున్నారు. పెద్దల సలహా కోరుతున్నాను.

కావలి తీగలు:
ముమ్మాటికీ సబబే. ఈ ధరలోని గిటార్లలో చాలావాటికి పికప్‌లో ఒక్కో తీగ కింద నిలబెట్టే ఇనుప పోల్ ముక్కల కింద ఒక సిరామిక్ అయస్కాంతపు పట్టీ అంటించి సరిపెడతారు. ఆల్నికో పికప్‌లో ఆ పోల్ ముక్కే అయస్కాంతం కనుక తీగ కదలికకు అది స్పందించే తీరు వేరుగా ఉంటుంది. నేను మార్పించిన నాటినుంచి మెల్లగా మీటినప్పుడు ఒక స్వరం, గట్టిగా మీటినప్పుడు మరొక స్వరం వినిపిస్తున్నాయి. అంతకుముందు రెండింటికీ తేడా శబ్దం హెచ్చుతగ్గులే. పికప్‌లు ముందు మార్పించండి, తక్కినవి తర్వాత చూసుకోవచ్చు.

ఒంగోలు టంకం:
కావలి వారు చెప్పినదానిలో అబద్ధం లేదు కానీ, అది మూలపేట వారి ప్రశ్నకు జవాబు కాదని నా మనవి. వారు చెప్పిన మూడు రోగాలూ మూడు వేర్వేరు చోట్ల పుట్టినవి.

శ్రుతి సంగతి ముందు చూద్దాం. తీగను బిగించేటప్పుడు నట్ (మెడ పైకొనన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర టిక్కుమని చిన్న చప్పుడు వస్తోందా? నట్‌కూ ట్యూనరుకూ మధ్య ఆ తీగను వేలితో ఒకసారి నొక్కి వదిలితే శ్రుతి పైకి పోయి అక్కడే నిలిచిపోతోందా? అయితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందన్నమాట, దానికి 4 వేల ట్యూనర్లు ఏమీ చేయలేవు. తీగ వదులు చేసి, ఆ గాడిలో పెన్సిల్ ముల్లుతో నాలుగుసార్లు గీయండి. ఆ నల్లపొడే కందెన. అప్పటికీ ఇరుక్కుంటే గాడిని సన్నని ఆకురాయితో సరిచేయించాలి, లేదా ఎముకతో చేసిన నట్ వేయించాలి.

ఇక జుమ్మనే శబ్దం. పికప్ అంటే తలవెంట్రుకంత సన్నని రాగితీగను దాదాపు 8 వేల చుట్లు చుట్టిన కాయిల్. చుట్టుపక్కల ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు ఊసంతా అది కూడా పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ హంబకర్ అనే జంట కాయిల్ పికప్‌కు పేటెంటు దరఖాస్తు చేసింది ఈ బాధ పడలేకే: రెండు కాయిళ్లను ఎదురెదురుగా చుట్టి, అయస్కాంతాల ధ్రువాలనూ తిప్పి పెడితే రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ స్వరం మాత్రం కలిసి పెరుగుతుంది. 9 వేలు పెట్టినా సింగిల్ కాయిల్ సింగిల్ కాయిలే కనుక దాని రొద దానికి ఉంటుంది. తీగలపై చెయ్యి పెట్టగానే శబ్దం తగ్గుతుంటే మాత్రం ఎర్త్ వైరు సరిగానే ఉండి లోపలి షీల్డింగ్ చాలడం లేదని అర్థం. కొన్ని వందల రూపాయల రాగి రేకు అంటించి, దాన్ని పాట్ (వాల్యూమ్ తిప్పే మీట) వెనక గ్రౌండుకు కలిపితే ఆ భాగం పోతుంది.

మూడోదానికి ముందు ఒక ప్రశ్న: మీ కేబుల్ రెండో కొన ఎక్కడ పెడుతున్నారు?

మైపాడు గాలి (నెల్లూరు):
బ్రిడ్జి మాట వచ్చింది కనుక నా తెలివితక్కువతనం చెప్పుకుంటాను. అడుగున చెక్కలోకి దిగే ఉక్కు దిమ్మ, అంటే బ్లాకు, ఉన్న బ్రిడ్జి తెప్పించి, పాతది ఊడదీసి, ఆరు మరలూ బిగించి గిటారు తిప్పి చూస్తే, బ్లాకు అడుగు వెనక ప్లేటుకంటే పైకి పొడుచుకొచ్చింది. ఆ బ్లాకు 45 మి.మీ. మందమున్న చెక్కకు చేసినది, నా గిటారు 40 మి.మీ. మాత్రమే. కొనేముందు స్కేలు పెట్టి చెక్క మందమూ, ఒకటో తీగకూ ఆరో తీగకూ నడుమ దూరమూ కొలుచుకోండి. మా వైపు ఉప్పుగాలికి శాడిల్ (బ్రిడ్జిపై ఒక్కో తీగ ఆనే ముక్క) మరలు తుప్పుపట్టి అలెన్ కీకి తిరగకుండా పోతాయి. అందుకోసం స్టెయిన్‌లెస్ మరలు మార్చుకోవడం మాత్రం నేను సమర్థిస్తాను.

మూలపేట గిటారు (నెల్లూరు):
ఒంగోలు వారూ, చర్చిలో యాంప్ లేదు. నేరుగా మైకుల మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడతాను.

ఒంగోలు టంకం:
అక్కడే ఉంది కిటుకు. గిటారు యాంప్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 10 లక్షల ఓములు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో అది సాధారణంగా 10 వేల ఓముల చుట్టుపక్కలే. పికప్ ఆ భారం మోయలేక, ముందుగా పై స్థాయి స్వరాలను వదిలేస్తుంది. ఎంత గొప్ప పికప్ పెట్టినా ఆ తలుపు తెరుచుకోదు. గిటారుకూ మిక్సర్‌కూ నడుమ పెట్టి ఆ భారం తగ్గించే యాక్టివ్ (కరెంటుతో పనిచేసే) డీఐ బాక్సు ఒకటి తెచ్చుకోండి, లేదా మిక్సర్‌పై హై-జెడ్ (ఎక్కువ నిరోధం) అని రాసిన మీట ఉంటే అది నొక్కండి. అన్నట్టు, మైకుకు పెదవి తగిలినప్పుడు చురుక్కుమంటే వెంటనే వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్లగ్గు ఎర్తింగ్ చూపించండి. అది తేలిగ్గా తీసుకునేది కాదు.

మూలపేట గిటారు (నెల్లూరు):
ఈ ఆదివారం చూసినది రాస్తున్నాను. పెన్సిల్ వైద్యంతో మూడో తీగ నాలుగు పాటలదాకా నిలిచింది. మిత్రుని దగ్గర డీఐ బాక్సు అడిగి తెచ్చాను. మొదటి తీగ మీటగానే కీబోర్డు వాయించే తమ్ముడు తల తిప్పి చూశాడు. రొద కొంత ఉంది కానీ, ఏ పికప్ మోగాలో ఎంచుకునే సెలెక్టర్‌ను రెండో స్థానంలోకీ నాలుగో స్థానంలోకీ జరిపితే దాదాపు మాయమవుతోంది.

కావలి తీగలు:
ఆ రెండు స్థానాల్లో మధ్య పికప్ పక్కదానితో కలిసి మోగుతుంది. అంటే మీ మధ్య పికప్ ఎదురు చుట్టుతో వచ్చినదే, సంతోషం. అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఇప్పుడు డీఐ ఉంది కనుక పికప్ తేడా నిజంగా వినిపిస్తుంది. బ్రిడ్జి దగ్గరిది ఒక్కటైనా, సింగిల్ కాయిల్ సైజులో దొరికే హంబకర్‌గా మార్చి చూడండి.

ఒంగోలు టంకం:
ఒక్కటంటే నాకూ అభ్యంతరం లేదు. పాతదాని వైర్లు కత్తిరించకుండా టంకం కరిగించి తీసి, కవర్లో వేసి దాచండి. రేపు గిటారు అమ్మేటప్పుడు అదే తిరిగి పెట్టి, కొత్తది మీ దగ్గరే ఉంచుకోవచ్చు.