‘ది ఎలిఫెంట్ మ్యాన్’: మెరిక్ పరీక్ష నెగ్గినందుకే మనం గౌరవిస్తున్నామా?

ప్రశ్న: వెన్నెలదారి

డేవిడ్ లించ్ 1980లో తీసిన ఈ నలుపు తెలుపు చిత్రాన్ని నిన్న రెండోసారి చూశాను. వికృతంగా పెరిగిన శరీరం వల్ల సంతలో ప్రదర్శన వస్తువై, తరువాత ఆసుపత్రిలో ఆశ్రయం పొందిన మెరిక్ అనే నిజమైన మనిషి కథ ఇది. రైల్వే స్టేషన్‌లో జనం తరిమి మూలకు నెట్టినప్పుడు తాను జంతువును కానని, మనిషినని మెరిక్ అరిచే చోట మొదటిసారి కన్నీళ్లు ఆగలేదు. ఈసారి మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఆసుపత్రి పాలకుడు కార్ గామ్ మనసు మారేది, మెరిక్ బైబిల్‌లోని 23వ కీర్తనను తడబడకుండా అప్పగించిన తరువాతనే. ఆ కీర్తన రాని మనిషి అయితే అతనిని తిరిగి వీధిలోకి పంపడం మనకు కూడా సమంజసంగానే తోచేదా? మనిషికి పుట్టుకతోనే ఉండవలసిన గౌరవాన్ని, చక్కగా టీ తాగడం నేర్చినందుకు ఇచ్చే బహుమతిగా ఈ చిత్రం మార్చివేసిందా?

సమాధానం: పాతరీలు

మీ సందేహం న్యాయమైనదే కాని, దానిని చిత్రమే ముందుగా లేవనెత్తిందని నా అభిప్రాయం. మెరిక్‌ను ఆసుపత్రికి తెచ్చిన డాక్టర్ ట్రీవ్స్ నేర్పినది కీర్తనలో మొదటి భాగం మాత్రమే. కార్ గామ్ పెదవి విరిచి బయటికి వెళ్లిన తరువాత, నేర్పని భాగం గదిలోనుంచి వినిపిస్తుంది. అంతవరకు మెరిక్ మాట్లాడకపోవడానికి కారణం బుద్ధి లేకపోవడం కాదు, భయం. ఇక, పట్టణంలోని గొప్పవారు ఒక్కొక్కరుగా వచ్చి అతనిని పలకరించి పోవడం మొదలైన తరువాత, మొదటినుంచీ అతనికి స్నానం చేయించి, అన్నం పెట్టిన మేట్రన్ (నర్సుల పెద్ద) ఆ సందడిని చూసి, ఇది మళ్లీ పాత ప్రదర్శనే కదా అని ట్రీవ్స్‌ను నిలదీస్తుంది. ఆ రాత్రి ఆయన తాను మంచివాడినా చెడ్డవాడినా అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. పగలు దొరసానులు, రాత్రి కాపలావాడు డబ్బు తీసుకుని తెచ్చే తాగుబోతులు: గది ఒక్కటే, చూపులే వేరు. ఇంత స్పష్టంగా తనను తానే అనుమానించుకునే చిత్రాలు అరుదు.

సమాధానం: లంకెబిందె

నా అభ్యంతరం మరొక చోట ఉంది. చిత్రంలో జాన్ అని పిలిచే మెరిక్ అసలు పేరు జోసెఫ్. జాన్ అన్నది ట్రీవ్స్ తన జ్ఞాపకాలలో రాసిన పేరు. 1862లో లెస్టర్‌లో పుట్టి, 1890లో 27 ఏళ్లకే మరణించిన ఈ మనిషి, వర్క్‌హౌస్ అనే పేదల శరణాలయంలో దాదాపు నాలుగేళ్లు మగ్గి, 1884లో తానే ఒక ప్రదర్శకుడికి కబురు పంపి బయటపడ్డాడు. ఎవరి దయతోనో బతకడం కంటే సంతలో టికెట్టు మీద నిలబడటమే నయమని అతనికి తోచింది. చిత్రంలో ఆ నిర్ణయం లేదు. కొట్టి హింసించే బైట్స్ అనే తాగుబోతు యజమాని ఉన్నాడు. అసలు ప్రదర్శకుడు టామ్ నార్మన్ అటువంటివాడు కాదు. బెల్జియంలో మెరిక్ దాచుకున్న సుమారు 50 పౌన్లను దోచుకుని వదిలివేసినవాడు వేరొకడు. క్రూరత్వాన్నంతటినీ ఒక దుర్మార్గుడి నెత్తిన రుద్దడంతో, పేదరికమే నేరమన్నట్టు నడిచిన ఆ శరణాలయాల వ్యవస్థ చల్లగా తప్పించుకుంది. మెరిక్ కూడా ఒక చేతి నుంచి మరొక చేతికి మారే వస్తువుగా మిగిలాడు. కీర్తన పరీక్ష కంటే ఇదే అతని గౌరవానికి జరిగిన పెద్ద లోటు.

సమాధానం: గూటిపడవ

చరిత్ర సంగతి ఒప్పుకుంటూనే నటన గురించి ఒక మాట. ఆసుపత్రిలో భద్రపరచిన మెరిక్ శరీరపు అచ్చుల ఆధారంగా క్రిస్టఫర్ టక్కర్ మేకప్ తయారుచేశాడు. దానిని వేయడానికే రోజూ ఏడెనిమిది గంటలు పట్టేది. అంత బరువు కింద, మెరిక్‌గా నటించిన జాన్ హర్ట్‌కు మిగిలినది ఒక కన్ను, ఒక గొంతు. చిత్రానికి ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చినా ఒక్కటీ దక్కలేదు. మేకప్‌కు అప్పట్లో ఏటేటా ఇచ్చే బహుమతి లేదు, మరుసటి ఏడాది నుంచే మొదలైంది. చిత్రాన్ని నిర్మించిన మెల్ బ్రూక్స్ హాస్య చిత్రాలకు పేరుపడినవాడు కనుక, జనం నవ్వుకోవడానికి వస్తారేమోనని తన పేరును ప్రచారంలో వేసుకోలేదు. నత్తి, మెల్లకన్ను, గూని కనబడగానే హాస్యపు ట్రాక్ అల్లుకునే మన తెలుగు సినిమాలు చూస్తూ పెరిగిన నాకు ఆ జాగ్రత్త వింతగానూ, సిగ్గుగానూ అనిపించింది. అన్నట్టు, జనకుని సభలో నవ్విన పండితులకు అష్టావక్రుడు బదులు చెప్పిన కథలో కూడా అతనిని కాపాడినది పాండిత్యమే కదా! వెన్నెలదారి గారి ప్రశ్న మన పురాణాలకూ వర్తిస్తుంది.

వెన్నెలదారి

అందరికీ కృతజ్ఞతలు. లంకెబిందె గారూ, మీరు రాసినది చదివిన తరువాత ముగింపు మరోసారి చూశాను. తల బరువు వల్ల కూర్చునే నిద్రపోవలసిన మెరిక్, అట్టతో కట్టిన చర్చి బొమ్మ మీద సంతకం చేసి, దిండ్లను ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టి, అందరిలాగా వెల్లకిలా పడుకుంటాడు. అలా పడుకుంటే ప్రాణం పోతుందని అతనికి తెలుసు. ఆ గదిలో అప్పుడు చూసేవారెవరూ లేరు, అలా చేయమని చెప్పినవారూ లేరు.